దంతజన్య కణితులు: పుట్టుక, రకాలు, లెక్కలు

పన్ను ఏర్పడడం శరీరంలో ఒక నిర్ణీత వయసులో మొదలై, ఒక నిర్ణీత వయసుకు ముగిసిపోయే పని. ఆ పని పూర్తయ్యాక అందులో పాల్గొన్న కణజాలాల్లో చాలా భాగం క్షీణించిపోతుంది గాని పూర్తిగా మాయం కాదు. దవడ ఎముకలోనూ చిగుళ్లలోనూ అక్కడక్కడ చిన్న కణగుంపులుగా మిగిలి, ఏళ్ల తరబడి నిద్రాణంగా పడి ఉంటుంది. ఈ శేషాల నుంచి గాని, ఇంకా పని ముగించని దంతాంకురాల నుంచి గాని పుట్టే కణితులను దంతజన్య కణితులు అంటారు. ఇవి దవడల్లోనూ, అరుదుగా వాటిని కప్పి ఉండే చిగుళ్లలోనూ మాత్రమే కనిపిస్తాయి. వీటిలో ఒక కొసన కణితి అనడం కంటే ఎదుగుదలలో వచ్చిన వికృతి అనడమే న్యాయమైనవి ఉండగా, మరో కొసన ఊపిరితిత్తులకు పాకి ప్రాణం తీసే క్యాన్సర్లు ఉన్నాయి. ఇంత భిన్నమైన వ్యాధులను ఒకే పేరు కింద చేర్చడానికి ఆధారం వాటి జన్మస్థానం ఒక్కటే కాబట్టి, ఈ కణితులను అర్థం చేసుకోవాలంటే ముందుగా పన్ను పుట్టే క్రమాన్ని తెలుసుకోవాలి.

గర్భస్థ పిండానికి సుమారు ఆరు వారాల వయసులో, కాబోయే నోటి లోపలి పొర కొన్నిచోట్ల మందమై కింది కణజాలంలోకి పట్టీలా దిగుతుంది. దీనిని డెంటల్ లామినా అంటారు. ఆ పట్టీ మీద మొగ్గలుగా మొదలై, తర్వాత టోపీ ఆకారం, ఆ తర్వాత గంట ఆకారం పొందే భాగం ఎనామెల్ అవయవం. దాని కింద గుమిగూడే మృదుకణజాలం నాడీవ్యవస్థ అంచు నుంచి, అంటే న్యూరల్ క్రెస్ట్ నుంచి వలస వచ్చింది. దీనికి ఎక్టోమెసెన్‌కైమ్ అని పేరు. పన్ను ఏర్పడడమంతా ఈ రెండింటి మధ్య పరస్పర సంకేతాల మీదే నడుస్తుంది. పై పొర ఇచ్చే సంకేతంతో కింది కణాలు ఓడొంటోబ్లాస్టులుగా మారి డెంటిన్‌ను పేరుస్తాయి, డెంటిన్ కనిపించిన తర్వాతే పై పొరలోని అమెలోబ్లాస్టులు దాని మీద ఎనామెల్‌ను పేర్చడం మొదలుపెడతాయి. ఈ వరుస తప్పదు. దంతజన్య కణితుల వర్గీకరణకు నిజమైన తాళంచెవి ఇక్కడే ఉంది: సంకేతాల మార్పిడి ఏ దశ వరకు సాగిందో, కణితిలో ఏ కణజాలం తయారైందో చూస్తే, ఆ కణితి ఎలా నడుచుకుంటుందన్నది చాలావరకు ఊహించవచ్చు.

పన్ను పూర్తయ్యాక మిగిలే శేషాలు ప్రధానంగా మూడు. డెంటల్ లామినా తునకలు చిగుళ్లలో, దవడ ఎముకలో మిగిలిపోతాయి, వీటికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్ పేరు ఉంది. వేరు ఏర్పడడానికి మార్గం చూపిన పొర విడిపోగా వేరు చుట్టూ ఉండే లిగమెంటులో మిగిలేవి మలాసే శేషాలు. ఇంకా మొలవని పన్ను తలను కప్పి ఉండే క్షీణించిన ఎనామెల్ పొర మూడోది. ఈ మూడోదాని వల్లనే దవడలో చిక్కుకుపోయిన జ్ఞానదంతం, కోరపన్ను చుట్టూ తిత్తులూ కణితులూ తరచుగా కనిపిస్తాయి. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి దగ్గర వచ్చే క్రేనియోఫారింజియోమాలో ఒక రకం సూక్ష్మదర్శినిలో దవడ కణితినే పోలి ఉండడం మొదట్లో వింతగా తోచినా, పిట్యూటరీ ముందుభాగం కూడా పిండదశలో నోటి పొర నుంచే పైకి పెరిగిందని గుర్తిస్తే ఆ పోలిక సహజమే అనిపిస్తుంది.

ఈ కణితులను ఒక వర్గంగా మొదట చూసినవాడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా. మెదడులో వాక్కు కేంద్రాన్ని గుర్తించిన ఆ బ్రోకాయే 1860ల చివర పంటి కణజాలాల నుంచి పుట్టే గడ్డలన్నిటికీ ఓడొంటోమ్ అనే పేరు పెట్టాడు. ఆ పేరు నేడు ఒక్క రకానికే పరిమితమైంది. 1946లో థోమా, గోల్డ్‌మన్‌లు కణితులను పైపొర నుంచి పుట్టేవి, మెసెన్‌కైమ్ నుంచి పుట్టేవి, రెండూ కలిసినవి అని మూడు శాఖలుగా విడదీశారు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 1971లో మొదటిసారి వెలువరించి, 1992, 2005, 2017, 2022లలో సవరించిన వర్గీకరణల వెనుక ఉన్నదీ ఇంచుమించు అదే విభజన. 1971 కూర్పుకు ప్రధాన కర్త అయిన డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్‌కు తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటుకూ, అంగిట్లో వచ్చే మార్పులకూ ఉన్న సంబంధం మీద పదివేల మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి భారతీయ పరిశోధకులతో కలిసి ఆయన 1971లోనే వ్యాసం ప్రచురించాడు. ఈ రెండు వ్యాధులనూ పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. అంగిటి వ్యాధికి కారణం పొగ అని తేలింది. దంతజన్య కణితులకు పొగాకు, వక్క, పాన్ వంటి ఏ అలవాటూ కారణంగా తేలలేదు. దవడ వాచిన రోగిని చూడగానే అలవాట్ల గురించి నిలదీసి, ఆ వాపును అతని తప్పుగా లెక్కగట్టడం అన్యాయం.

ఇక వీటి సంభవం. ఈ కణితులు అరుదైనవి అన్నది అందరూ ఒప్పుకునే మాట. 1978లో దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతంలో షియర్, సింగ్‌లు ఎనామెల్ కట్టే కణాలను పోలిన కణాల కణితి అయిన అమెలోబ్లాస్టోమా మీద వేసిన లెక్కలో, ఏటా పది లక్షల జనాభాకు నల్లజాతి పురుషుల్లో 1.96, స్త్రీలలో 1.20 కేసులుండగా, తెల్లజాతి పురుషుల్లో 0.18, స్త్రీలలో 0.44 మాత్రమే ఉన్నాయి. జనాభా ప్రాతిపదికన ఇలా వేసిన లెక్కలు చాలా తక్కువ. ప్రచురితమైన అంకెల్లో అధికభాగం ఏదో ఒక దంతవైద్య కళాశాల రోగనిర్ధారణ విభాగానికి వచ్చిన ముక్కల లెక్కలే. అవి జనంలో ఎందరికి వ్యాధి ఉందో చెప్పవు, ఎందరి దగ్గర తీసిన ముక్క ప్రయోగశాల దాకా చేరిందో మాత్రమే చెబుతాయి. ఈ తేడాను మరచిపోవడం వల్ల ఈ రంగంలో ఎన్నో తొందరపాటు తీర్మానాలు పుట్టాయి.

1978లో అమెరికాలోని మిషిగన్ నుంచి వెలువడిన 706 కేసుల లెక్కలో మూడింట రెండు వంతులు ఓడొంటోమాలు (పంటి కణజాలాలే అమరిక తప్పి ఏర్పడిన గడ్డలు), అమెలోబ్లాస్టోమాలు 11 శాతం. 2006లో ఉత్తర కాలిఫోర్నియా నుంచి వచ్చిన 1,088 కేసుల్లో ఓడొంటోమాలు 76 శాతం దాకా ఉన్నాయి. దీనికి పూర్తి విరుద్ధంగా 1998లో చైనా నుంచి వచ్చిన 759 కేసుల్లో అమెలోబ్లాస్టోమాలు 59 శాతానికి దగ్గరగా, ఓడొంటోమాలు 7 శాతానికి దగ్గరగా తేలాయి. 2005 నాటి లాగోస్ లెక్కలోనూ అమెలోబ్లాస్టోమాలు 63 శాతం. ముంబయి నుంచి 2008లో వచ్చిన 250 కేసుల లెక్క కూడా చైనా, నైజీరియాల వైపే మొగ్గింది.

ఈ అంకెలు చూసి ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో ఓడొంటోమాలు తక్కువ అని తేల్చేయడం సరికాదు. ఓడొంటోమా నొప్పి పెట్టదు, ముఖాన్ని వికారం చేయడమూ అరుదే; పళ్ల వరస సరిచేయించుకోవడానికి వచ్చిన పిల్లలకు తీసే ఎక్స్‌రేలో అది ఎక్కువగా బయటపడుతుంది. బడి పిల్లలకు తరచుగా దంత ఎక్స్‌రేలు తీసే దేశంలో అది కనబడుతుంది, పన్ను నొప్పి భరించలేని దశకు చేరితే తప్ప ఎక్స్‌రే తీయని చోట ఆ మనిషితోనే ఉండిపోతుంది. పైగా తీసిన డాక్టరుకు అవి పళ్ల తునకలేనని కళ్లకే కనిపిస్తాయి కాబట్టి, చాలాచోట్ల ప్రయోగశాలకు పంపరు. అమెలోబ్లాస్టోమా అలా దాగదు, బుగ్గ ఉబ్బి ఏదో ఒకనాడు ఆసుపత్రికి చేరుస్తుంది. మిషిగన్‌కూ లాగోస్‌కూ మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగం ఎక్స్‌రే యంత్రాల అందుబాటుకు సంబంధించినదే అనడం సబబు. అయితే అంతా అదే కాదు. విట్‌వాటర్స్‌రాండ్‌లో నల్లజాతి పురుషుల్లో అమెలోబ్లాస్టోమా పదింతలు ఎక్కువగా కనబడడాన్ని ఎక్స్‌రేల కొరత వివరించలేదు. ఆ కొరత వల్ల లెక్కలోకి వచ్చే కేసులు తగ్గుతాయే గాని పెరగవు.

పైన చెప్పిన సంకేతాల మార్పిడి చివరిదాకా సాగినప్పుడు వచ్చేది ఓడొంటోమా. ఇందులో ఎనామెల్, డెంటిన్, సిమెంటమ్, పల్ప్ అన్నీ ఉంటాయి, వాటి అమరికే తప్పుతుంది. చిన్న చిన్న పళ్ల ఆకారాలు విడివిడిగా ఏర్పడితే కాంపౌండ్ రకం, ఇది పై దవడ ముందుభాగంలో ఎక్కువ. అన్నీ కలగలిసి ఒకే గట్టి ముద్దగా ఏర్పడితే కాంప్లెక్స్ రకం, ఇది కింది దవడ వెనుకభాగంలో ఎక్కువ. ఎక్కువగా ఇరవై ఏళ్లలోపు బయటపడతాయి. 2019లో చెన్నైలోని ఒక దంతవైద్య కళాశాలలో ఏడేళ్ల బాలుడి కింది కుడి దవడ నుంచి తీసిన సంచిలో, 526 పళ్ల లాంటి నిర్మాణాలు లెక్కతేలాయి. వాటిలో అతి చిన్నది మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉన్నా, దానికీ తల, వేరు, ఎనామెల్ పూత ఉన్నాయని వైద్యులు ప్రకటించారు. అంత చిన్నదానిలో కూడా నిర్మాణక్రమం తప్పలేదన్నది ఆ సంఖ్య కంటే ఎక్కువ ఆలోచింపజేసే సంగతి. టాంజానియాలో దొరికిన, సుమారు 25.5 కోట్ల ఏళ్ల నాటి గోర్గనాప్సియన్ అనే, క్షీరదాలకు ముందరి జంతువు దవడలో ఇలాంటి కాంపౌండ్ ఓడొంటోమా ఉన్నట్టు 2016లో వెలువడిన పరిశీలన, ఈ వికృతి క్షీరదాల కంటే ప్రాచీనమని నిరూపించింది. తీసేస్తే తిరిగి రాని ఓడొంటోమాను కణితి అనాలా, వికృతి అనాలా అన్న చర్చలో రెండో పక్షానికే బలం ఎక్కువ.

అమెలోబ్లాస్టోమా దీనికి సరిగ్గా ఎదురు కొస. ఇందులో ఎనామెల్ కట్టవలసిన కణాలను పోలిన కణాలు విపరీతంగా పెరుగుతాయి గాని, కింది కణజాలంతో సంకేతాల మార్పిడి జరగదు. డెంటిన్ లేదు కాబట్టి ఎనామెలూ లేదు, మిగిలేది పెరుగుదల ఒక్కటే. 1827లో క్యూసక్ దీనిని వర్ణించాడు, 1885లో మలాసే దీని పుట్టుకను పంటి శేషాలకు ముడిపెట్టాడు, నేటి పేరు 1930లో ఐవీ, చర్చిల్‌ల నుంచి వచ్చింది. అయిదింట నాలుగు కింది దవడలో, అందులోనూ వెనక దవడ పళ్ల నుంచి చెవి వైపు ఎక్కే ఎముక వరకు ఉన్న భాగంలో వస్తాయి. ముప్పై, నలభై ఏళ్ల వయసువారిలో ఎక్కువ. నొప్పి లేకుండా ఏళ్ల తరబడి పెరగడమే దీని స్వభావం, ఆలస్యానికి మొదటి కారణమూ అదే. పన్ను కదిలిందని ఊరి క్లినిక్‌లో పన్ను తీయించుకుని, గాయం మానక, వాపు తగ్గక, చివరికి నగరానికి వచ్చే రోగి కథ దవడ శస్త్రవైద్యులందరికీ సుపరిచితమే. ఎక్స్‌రేలో గదులు గదులుగా, సబ్బునురగ బుడగల్లా కనిపించడం పెద్ద కణితుల లక్షణం, పక్క పళ్ల వేళ్లు అరిగిపోయి ఉండడం మరొకటి.

సూక్ష్మదర్శినిలో ఈ కణితిని గుర్తించే ఆనవాళ్లను 1970లో వికర్స్, గోర్లిన్‌లు క్రోడీకరించారు. కణద్వీపాల అంచున పొడవాటి కణాలు కంచెలా వరుసకడతాయి. వాటి కేంద్రకాలు గాఢమైన రంగు పట్టి, ఆధారపొర నుంచి దూరంగా జరిగి ఉంటాయి. కేంద్రకం ఇలా జరగడం, సహజ దంతాంకురంలో ఎనామెల్ కట్టడానికి సిద్ధమయ్యే కణం చేసే పనే. పని మొదలుకాకుండానే సన్నాహం దగ్గర నిలిచిపోయిన కణమది. ఫాలిక్యులర్, ప్లెక్సిఫార్మ్ వంటి ఉపరకాల పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఎంత చోటు ఆక్రమించినా, చికిత్సలో వాటి ప్రాధాన్యం తక్కువ. అసలు ముఖ్యమైనది ఏకతిత్తి రకాన్ని, అంటే యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమాను, వేరుచేయడం. చిన్న వయసువారిలో ఒకే తిత్తిగా కనిపించే ఈ రకంలో కణితి తిత్తి లోపలి పొరకే పరిమితమైతే గీకి తీయడం సరిపోవచ్చు, తిత్తి గోడలోకి చొరబడితే మామూలు అమెలోబ్లాస్టోమాలాగే చూడాలి. తీసిన తిత్తినంతా అనేక ముక్కలుగా కోసి పరీక్షించనిదే ఈ తేడా తెలియదు; ముందుగా తీసిన చిన్న ముక్క మీద ఆధారపడితే మోసపోవడం ఖాయం.

మామూలు అమెలోబ్లాస్టోమాను గీకి తీసినచోట సగానికి పైగా తిరిగి వచ్చినట్టు అనేక నివేదికలు చెబుతున్నాయి. ఎక్స్‌రేలో కనిపించే హద్దు దాటి ఎముక గుజ్జు సందుల్లోకి కణితి పాకి ఉండడమే ఇందుకు కారణం. కాబట్టి కనిపించే హద్దుకు అవతల ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఎముకతో సహా కోసి తీసి, కాలి ఫిబ్యులా ఎముకతో దవడను తిరిగి నిర్మించడం ప్రామాణిక చికిత్స అయింది. పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టే కణితి కాబట్టి పరీక్షలు ఏటేటా సాగాలి. పై దవడలో వచ్చినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడి ఎముక పలుచన, పక్కనే సైనస్, కంటిగూడు, పుర్రె అడుగుభాగం ఉన్నాయి.

పైపొర కణితుల్లో మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అడెనోమటాయిడ్ దంతజన్య కణితిని గుర్తుంచుకోవడానికి వైద్య విద్యార్థులు మూడింట రెండు అనే సూత్రం వాడతారు: సుమారు మూడింట రెండు వంతులు పై దవడలో, మూడింట రెండు వంతులు ఆడపిల్లల్లో, మూడింట రెండు వంతులు మొలవని పన్నుతో కలిసి, ఆ పళ్లలో మూడింట రెండు వంతులు కోరపళ్లు. మందమైన తొడుగులో ఉండే ఈ కణితి తేలిగ్గా ఊడివస్తుంది, తిరిగి రాదు. దీనికి పెద్ద శస్త్రచికిత్స చేయడం తప్పు. పిండ్‌బోర్గ్ 1955లో వర్ణించిన సున్నపు పేరుడు గల కణితి మొత్తంలో ఒక శాతానికి అటూ ఇటూ ఉంటుంది; ఇందులో అమిలాయిడ్‌ను పోలిన ప్రోటీను చేరి, దాని మీద సున్నం వలయాలు వలయాలుగా పేరుకుంటుంది.

మెసెన్‌కైమ్ నుంచి పుట్టేవాటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది మిక్సోమా. జిగురు ముద్దలా ఉండి, తొడుగు లేకుండా ఎముక సందుల్లోకి జారే ఈ కణితిని పూర్తిగా తీయడం కష్టం, తిరిగి రావడం సాధారణం. సిమెంటోబ్లాస్టోమా కింది మొదటి దవడపన్ను వేరుకు అతుక్కుని గట్టి ముద్దగా పెరుగుతుంది. ఈ వర్గంలో నొప్పితో బయటపడే కొద్దివాటిలో ఇదొకటి. రెండు కణజాలాలూ కణితిగా మారే అమెలోబ్లాస్టిక్ ఫైబ్రోమా పిల్లల్లో, యువకుల్లో వస్తుంది, అరుదుగా సార్కోమాగా మారుతుంది.

పేరు మారితే లెక్కలు ఎలా తారుమారవుతాయో చెప్పడానికి ఓడొంటోజెనిక్ కెరటోసిస్ట్ చరిత్ర చాలు. 1956లో ఫిలిప్సెన్ తిత్తిగా పేరుపెట్టిన ఈ వ్యాధి తరచుగా తిరగబెడుతుందనీ, ఇందులో పీటీసీహెచ్1 జన్యువులో మార్పులు ఉంటాయనీ చూసి 2005 వర్గీకరణ దీనిని కణితుల్లో చేర్చింది. తిత్తిగా చాలా సాధారణమైన ఈ వ్యాధి ఒక్కసారిగా కణితుల పట్టీలోకి రావడంతో, ఆ తర్వాతి పదేళ్లలో భారతదేశంతో సహా పలుచోట్ల వెలువడిన లెక్కల్లో మొత్తం సంఖ్యలు పెరిగి, అమెలోబ్లాస్టోమా వాటా పడిపోయింది. తగినంత ఆధారం లేదని 2017లో మళ్లీ తిత్తుల్లోకి మార్చారు. ఇది సరైన నిర్ణయమే. జన్యుమార్పు ఉన్నంతమాత్రాన ప్రతి తిత్తీ కణితి కాదు. కాని 2005 తర్వాతి పదేళ్ల లెక్కలను దానికి ముందు వెనకల లెక్కలతో నేరుగా పోల్చే సమీక్షలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, కెరటోసిస్ట్‌ను తీసివేసి తిరిగి శాతాలు కట్టకపోతే ఆ పోలికకు విలువ లేదు.

క్యాన్సర్ స్వభావం గలవి ఈ వర్గంలో బహు తక్కువ. అమెలోబ్లాస్టిక్ కార్సినోమా, ఎముక లోపలే పుట్టే కార్సినోమా, క్లియర్ సెల్ కార్సినోమా, కొన్ని సార్కోమాలు వీటిలో చేరతాయి. సూక్ష్మదర్శినిలో సాధువుగానే కనిపిస్తూ ఊపిరితిత్తులకు పాకే అమెలోబ్లాస్టోమా ఒకటి ఉంది. దానిని 2005లో క్యాన్సర్లలో ఉంచి, 2017లో సాధారణ కణితుల వైపు జరిపారు. భారత వైద్య పరిశోధన మండలి 1981లో ప్రారంభించిన జాతీయ నమోదు కార్యక్రమం క్యాన్సర్లను లెక్కించడానికి ఉద్దేశించినది. దవడను సగం తీసేయవలసి వచ్చే అమెలోబ్లాస్టోమా క్యాన్సర్ కాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. రోగి కోల్పోయేదాన్ని బట్టి చూస్తే, దవడ కణితులకు వేరుగా ఒక నమోదు ఉండడం ఎంతైనా అవసరం.

గత పదేళ్ల పైబడిన కాలంలో ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పు 2014లో మొదలైంది. అమెలోబ్లాస్టోమాల్లో ఎక్కువ భాగంలో బీఆర్ఏఎఫ్ జన్యువులో వీ600ఈ అనే ఒకే మార్పు ఉన్నట్టు ఆ ఏడు తేలింది. అది కింది దవడ కణితుల్లో ఎక్కువగా, ఎస్ఎమ్ఓ అనే మరో జన్యువు మార్పు పై దవడ కణితుల్లో ఎక్కువగా కనిపించాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇదే వీ600ఈ మార్పును అడ్డుకోవడానికి అప్పటికే డబ్రాఫెనిబ్, వెమురాఫెనిబ్ వంటి మందులు ఉండడంతో, వాటిని దవడ కణితులకు వాడి చూడడం మొదలైంది. ఇజ్రాయెల్ వైద్యులు 2021లో ప్రచురించిన అనుభవంలో, శస్త్రచికిత్సకు ముందు మందు ఇవ్వగా కణితి కుదించుకుపోయి ఎముక తిరిగి కట్టుకుంది, దవడను కోసి తీయకుండానే నిలపగలిగారు. ఎదిగే వయసు పిల్లలకు ఇది సామాన్యమైన లాభం కాదు. అయితే మందు ఎవరికి పనికివస్తుందో ముందే తెలియాలి, అందుకు తీసిన ముక్కలో జన్యుపరీక్ష జరగాలి. ఎముకతో కలిసి వచ్చిన ముక్కను కోయడానికి వీలుగా ఘాటైన ఆమ్లంలో మెత్తబరిస్తే అందులోని డీఎన్ఏ చెడిపోతుంది. అందుచేత ముక్క తీసినప్పుడే ఎముక అంటని మెత్తటి భాగాన్ని విడిగా ఫార్మలిన్‌లో వేసి పంపడం, వేరే ఏర్పాటు వీలుకాని చోట వీఈ1 అనే యాంటీబాడీతో రంగు పట్టించి మారిన ప్రోటీనును గుర్తించడం ప్రయోగశాలలు అనుసరిస్తున్న మార్గాలు.